సముద్రపు గడ్డికి ముత్తప్ప తాడు

ముత్తప్ప పేనిన తాడు పనికిరాదని ఇంగ్లీషులో ఒక కాగితం ఉంది. హోసూరులో మా ఆఫీసు బీరువాలో ఒక ప్రతి ఉంది. మా పనికి సాయం చేసే ఫ్యాక్టరీవాళ్ళ దగ్గర ఇంకొకటి ఉంది. కుందారపల్లిలో ఆయన ఇంటి గోడ మీదే మూడోది ఉంది. ఆ మాట రాసింది నేను. ముత్తప్ప మా నాన్నకు అన్న, నాకు పెద్దనాయన. నా పేరు త్రివేణి. నాకు ముక్కు మీద కోపమని ఊరందరికీ తెలుసు. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలిసి కూడా ఏడాదిగా అందరి మీదా చూపిస్తున్నాను.

ముందు ఆయన తాడు గురించి చెప్పాలి. మా ఇంటివాళ్ళు గొర్లు కాసినవాళ్ళు. ముత్తప్ప ఒక్కడే గొర్ల వెంట పోకుండా చిన్నప్పుడే తాళ్ళు పేనే పనిలో పడ్డాడు. చేను గట్ల మీద పెరిగే కిత్తలి మట్టలు కోసి, నీళ్ళలో నానబెట్టి, బండ మీద బాది తెల్లటి నార తీసేవాడు. నార ఆరాక ఒకరు కొక్కెం తిప్పుతుంటే ఇంకొకరు చేత్తో నార అందిస్తూ వెనక్కి వెనక్కి నడవాలి. కొక్కెం తిప్పేది మా పెద్దమ్మ మునిలక్ష్మమ్మ, వెనక్కి నడిచేది ఆయన. పెళ్ళయిన మర్నాటి నుంచీ ఈ మనిషి నాకు దూరంగా నడుస్తూనే ఉన్నాడని ఆమె వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది. ఆ నడకకు నలభై బారల జాగా కావాలి. ఇంటి పక్కనే ఉండేది. హైవే వెడల్పు చేసినప్పుడు అందులో సగం పోయింది. మిగిలిన సగంలో పేనితే తాడు పొట్టిదవుతుందని, తెలిసినవాళ్ళ మామిడి తోపులో రెండు వరసల మధ్య నడవడం మొదలుపెట్టాడు.

ఇంతలో నైలాన్ తాడు వచ్చింది. సూళగిరిలో అంగడి ముందు పచ్చది, నీలంది, ఎర్రది చుట్టలు చుట్టలుగా వేలాడదీశారు. ఎద్దుకు నైలాన్, మేకకు నైలాన్. బావులకు మోటార్లు పెట్టాక చేంతాడుకు పనే లేకుండా పోయింది. చివరికి మా పెద్దమ్మే బట్టలు ఆరేసుకోడానికి పచ్చ నైలాన్ తాడు కొనుక్కొచ్చి పెరట్లో కట్టింది. పెద్దనాయన ఆమెను ఒక్క మాట అనలేదు. కాని తన తువ్వాలు మాత్రం దాని మీద వెయ్యడు. తడి తువ్వాలు భుజం మీదే ఆరాలి. వానలప్పుడు అది ఆరక ఆయన దగ్గర ముక్కిన వాసన వేసేది. అయినా పట్టు విడవలేదు.

ఆయనకు ఇంకొక పట్టు కూడా ఉంది. తాడు కావాలని ఎవరొచ్చినా పొడవెంత, లావెంత అని ముందు అడగడు. దేన్ని కట్టేదానికని అడుగుతాడు. ఆ సంగతి తేలేదాకా నార ముట్టడు. ఎద్దు మెడకు ఒక పురి, మేక కాలికి ఒక పురి, బావిలో దించే బిందెకు ఒక పురి. అన్నీ ఒకటే తాడు కదా అంటే, అన్ని కాళ్ళకూ ఒకటే చెప్పు వేసుకుంటావా అని కోప్పడతాడు. ఒకసారి జవళగిరి వైపు నుంచి ఒకాయన వచ్చి సన్నగా, గట్టిగా తాడు కావాలన్నాడు. దేన్ని కట్టేదో చెప్పకుండా నవ్వి ఊరుకున్నాడు. పెద్దనాయన ఆయనకు కాఫీ ఇప్పించి, మామిడిపళ్ళు కూడా ఇచ్చి పంపేశాడు. తాడు మాత్రం పేనలేదు. అడవి అంచు ఊరు, ఉచ్చు పన్నడానికే అయుంటుందని తర్వాత మాతో అన్నాడు. అట్లాంటి పనికి తన చేతి తాడు పోకూడదని ఆయన పట్టు.

ఇక నా పని సంగతి. హోసూరులో నేనొక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. చెరువులు బాగుచేయించడంతో మొదలైన సంస్థ. ఫ్యాక్టరీలు సాయం చేస్తాయి, మేము పని చేయిస్తాము. కావలసిన సామాన్లు వెతికి తెప్పించడం, పని జరిగాక రిపోర్టు రాయడం నా వంతు. మూడేళ్ళ కిందట మా పై అధికారి మోహన్‌కుమార్ దక్షిణాన, రామనాథపురం అవతల, సముద్రంలో ఒక పని ఒప్పుకొని వచ్చాడు. సముద్రం అడుగున గడ్డి నాటే పని.

నవ్వు వస్తుందని తెలుసు. తీరం దగ్గర లోతు తక్కువ నీళ్ళలో, ఇసుక మీద, నిజంగానే గడ్డి పెరుగుతుంది. నాచు కాదు. దానికి వేళ్ళుంటాయి, పువ్వు కూడా పూస్తుంది. చేపపిల్లలు, రొయ్యలు, పీతలు అందులో దాక్కొని పెద్దవవుతాయి. తమిళంవాళ్ళు కడల్ పసు అనే సముద్రపు ఆవు ఒకటుంది, ఎద్దును మించిన ఒళ్ళు, అది బతికేదే ఆ గడ్డి మేసి. మరపడవల వలలు అడుగున ఈడ్చుకుంటూ పోయి ఆ గడ్డి బీళ్ళను చెక్కేశాయి. గడ్డి పోయిన చోట ఇసుక నిలవదు, నీళ్ళు కలకబారతాయి, కొత్త గడ్డి దానంతటది రావడం కష్టం. అందుకని బాగా ఉన్న బీడులోంచి కొన్ని కాడలు వేళ్ళతో సహా తీసి తెస్తారు. వెదురు చట్రాలకు వరసగా తాళ్ళు బిగించి, ఆ తాడు పురిలో ఒక్కొక్క కాడనూ గుచ్చుతారు. చట్రాన్ని అడుగుకు దించి కదలకుండా మేకులు దిగ్గొడతారు. కాడ ఇసుకలోకి వేళ్ళు దించేదాకా తాడు దాన్ని పట్టుకొని ఉండాలి. ఆ తర్వాత తాడు వదులై, చివికి, ఇసుకలో కలిసిపోవాలి. ప్లాస్టిక్ ముక్క కూడా వాడకూడదు.

ఈ పనిలో చేరిన కొత్తలో మా ఊళ్ళో ఒక పెళ్ళి జరిగింది. మా చిన్నాయన శేషప్ప బంతిలో కూర్చొని, అందరూ వినేటట్టు, త్రివేణి సముద్రంలో కలుపు తీస్తాదా, నాటతాదా అని అడిగాడు. బంతి బంతంతా నవ్వింది. పెద్దనాయన ఆ బంతిలో లేడు. ఎం.ఎస్సీ. దాకా చదివించింది గడ్డి పీకేదానికా అని ఇంకెవరో అందుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. పాయసం విడిచిపెట్టి లేచి వచ్చాను. ఆ రోజు నుంచి ఊళ్ళో నా పని గురించి నోరు విప్పడం మానేశాను. అడిగితే ఆఫీసు పని అనేదాన్ని. ఆ పంతమే కొంప ముంచింది. నా కొంప కూడా కాదు, పెద్దనాయన కొంప.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో, తీరం దగ్గర కొబ్బరి తాడు ఇస్తానన్న వ్యాపారి సగం ఇచ్చి చేతులెత్తేశాడు. నాటడానికి సముద్రం నెమ్మదిగా ఉండే నెలలు కొన్నే. నార తాడు ఎక్కడ దొరికినా సరే తెమ్మని మోహన్‌కుమార్ నా బల్ల దగ్గరే నిలబడ్డాడు. మా పెద్దనాయన పేనుతాడు సార్ అన్నాను. గొప్పగానే అన్నాను. ఆఫీసులో మావాళ్ళ గురించి గొప్పగా చెప్పుకునే సందర్భం నాకు అంతకు ముందు రాలేదు.

మర్నాడు ఎర్రటి ఎండలో ఆఫీసు జీపులో కుందారపల్లి పోయాను. పెద్దనాయన అరుగు మీద ఉన్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత తాడు కావాలని ఒక మనిషి వచ్చింది, అదీ ఒకటీ అరా కాదు, చిటికెన వేలంత లావున నాలుగు వందల బారలు. ఆయన నవ్వు దాచుకోడానికి మీసం తుడుచుకున్నాడు. లోపలికి తిరిగి పెద్దమ్మను కాఫీ పెట్టమని కేకేశాడు. తర్వాత అడగవలసింది అడిగాడు.

"దేన్ని కట్టేదానికమ్మా?"

జీపు డ్రైవరు హారన్ కొడుతున్నాడు. మోహన్‌కుమార్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. ఎదురింటి అరుగు మీద శేషప్ప చిన్నాయన చెవులు ఇటే పెట్టుకొని కూర్చున్నాడు. గడ్డి అని నా నోటితో అంటే ఇంకో పదేళ్ళు ఊరికి అదే ముచ్చట. పైగా, సముద్రమే చూడని మనిషికి సముద్రం అడుగున గడ్డి గురించి చెప్పాలంటే సగం దినం పడుతుందనుకున్నాను. చెప్పినా ఆయనకు అర్థం కాదనుకున్నాను. రాయడానికి కూర్చున్నాక అది కూడా దాచి లాభం లేదు.

"సముద్రంలో వేసేదానికి పెద్దనాయనా. అలల్లో ఉండేది. గట్టిగా ఉండాల, పట్టింది ఊడకూడదు" అన్నాను.

ఆయన ఒప్పుకోలేదు. సముద్రంలో వేసేది సరే, కట్టేది దేన్ని అని మళ్ళీ అడిగాడు. నాకు విసుగొచ్చింది. ఆఫీసు సామాను అని కసిరాను. ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి సరేనన్నాడు. జవళగిరి ఆయన్ని కాఫీ ఇచ్చి పంపేసిన మనిషి నన్ను పంపలేకపోయాడు. తమ్ముడి కూతుర్ని కదా.

ఆయన తాడు పేనిన మూడు వారాలూ పెద్దమ్మ రోజూ ఫోన్ చేసి చెప్పేది. అటక మీద ఏళ్ళ తరబడి దాచిన నారంతా దించాడట. సముద్రం, అల, ఊడకూడదు అని నేను విసిరేసిన మూడు మాటలనే పట్టుకొని రెండు దినాలు ఆలోచించాడట. ఉప్పు నీళ్ళకు చివకకుండా తంగేడు చెక్క ఉడికించిన నీళ్ళలో నార నానబెట్టాడట. మా వైపు ఎద్దుల పరుగు పందేలు జరుగుతాయి. ఆ పందెపు కోడెను పట్టి నిలిపే పగ్గం ఎట్లా పేనుతాడో అట్లా, పురి మీద పురి ఎక్కించి పేనాడు. ఆ పగ్గం తడిసేకొద్దీ బిగుసుకుంటుంది. కోడె చెమటకు, వాన తడికి అది సడలదు. ఒకప్పుడు ఆ తాడు కోసమే కుప్పం నుంచి కూడా రైతులు వచ్చేవాళ్ళు. డెబ్బై మూడేళ్ళ వయసులో అరచేతులు పగిలి నెత్తురొస్తే ఆముదం పూసుకొని పేనాడు. ఇన్నేళ్ళకు ఈయన మళ్ళీ ఈల వేస్తున్నాడని పెద్దమ్మ ఫోన్లో మురిసిపోయింది.

తాడు తీసుకోవడానికి పోయిన రోజు ఆయన మామిడి తోపులో చుట్టలు వరసగా పేర్చి ఉంచాడు. ఒకటి విప్పి నా చేతికిచ్చి లాగి చూడమన్నాడు. పురిలో వేలు పెట్టి చూశాను, గోరు కూడా దూరలేదు. నాకు అక్కడే తట్టాల్సింది. గడ్డి కాడను గుచ్చేది ఆ పురిలోనే కదా. తట్టలేదు. అబ్బ, ఎంత బాగుందో అన్నాను. చుట్ట భుజాన వేసుకొని నిలబడితే ఫోన్‌తో ఫొటో తీశాను. ఆయన ఎప్పుడూ ఏదీ అడిగే మనిషి కాదు. ఆ రోజు మాత్రం, తాను సముద్రం చూడలేదని, తన తాడు ఆ నీళ్ళలో ఎట్లుందో ఒకసారి చూస్తానని అన్నాడు. పని కుదుటపడ్డాక తీసుకుపోతానని మాటిచ్చాను.

తీరంలో మా పనికి పెద్ద అచ్చెన్న. శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున పుట్టి, హోసూరు ఫ్యాక్టరీలో పనికి వచ్చి, ఆ నాలుగు గోడల మధ్య ఉండలేక మా సంస్థలో చేరాడు. చట్రాలు కట్టేటప్పుడు అక్కడి ఆడవాళ్ళు పెద్దనాయన తాడు పురి తెరవలేక ఇనుప సూదులు తెచ్చుకొన్నారు. కొబ్బరి తాడైతే వేలితోనే తెరుచుకుంటుంది. అచ్చెన్న నా దగ్గరికి వచ్చి, తాడు మరీ గట్టిగా ఉంది, ఒకసారి ఆలోచించమన్నాడు. అలల్లో ఉండేది గట్టిగానే ఉండాలని దబాయించాను. మా పెద్దనాయన తాడును పరాయి మనిషి ఒక మాట అంటే నాకు ఒళ్ళు మండింది. అతను పడవ వైపు పోయాడు. సగం చట్రాలు కొబ్బరి తాడుతో, సగం పెద్దనాయన తాడుతో దింపాము. చట్రాలు దించుతున్న ఫొటో ఇంటికి పంపాను. అందులో గడ్డి కనబడదు, తాడే కనబడుతుంది. పెద్దనాయన పెద్దమ్మ ఫోన్ తీసుకొని టీ అంగడికి పోయి అందరికీ చూపించాడట.

జూన్‌లో చూడటానికి పోయాము. అచ్చెన్న నీళ్ళలోకి దిగి చాలాసేపటికి పైకి వచ్చాడు. చేతిలో ఒక తాడు ముక్క ఉంది. పడవ అంచు పట్టుకొని నా చేతిలో పెట్టాడు.

"తాడు బాగుందమ్మా, కొత్తదానిలాగే ఉంది. అదే తంటా అయిపోనాది" అన్నాడు.

తాడు తడిసి బిగుసుకుంది. ప్రతి కాడా తాడు పట్టిన చోట నల్లబడి, దారమంత సన్నమై తెగిపోయింది. తర్వాత నేనూ అద్దాలు పెట్టుకొని నీళ్ళలో తల ముంచి చూశాను. కొబ్బరి తాడు చట్రాల్లో గడ్డి జానెడు లేచి నీళ్ళతో పాటు అటూ ఇటూ ఊగుతోంది, చిన్న చిన్న చేపలు కూడా చేరాయి. పక్కనే పెద్దనాయన చట్రాల్లో తాడు మాత్రమే ఉంది. నాలుగు వేల కాడలు పోయాయి. అవి నర్సరీలో పెంచినవి కావు, బతికున్న బీడులోంచి మేమే పీకి తెచ్చినవి. అక్కడా లేకుండా పోయాయి, ఇక్కడా రాలేదు. వలలు చేసిన పనే మేమూ చేశామనిపించింది. అచ్చెన్న చూస్తుండగానే పడవలో కూర్చొని ఏడ్చాను. తాడు వదులుగా ఉంటే వచ్చేవని అతను ఒక్కసారి కూడా అనలేదు.

రిపోర్టులో నష్టానికి కారణం అని ఒక గడి ఉంటుంది. అందులో ఒక్క వాక్యం రాయాలి. నాకు రెండు తోచాయి. తాడు దేనికో పేనేవాడికి చెప్పలేదు, చెప్పవలసిన మనిషి త్రివేణి అన్నది ఒకటి. తాడు నాణ్యత లోపం అన్నది రెండోది. నా ఉద్యోగం ఏడాదికి ఒకసారి పొడిగించేది. ఆ నెలలోనే పొడిగించాలి. రెండు దినాలు ఆ గడి ఖాళీగా ఉంచి చూశాను. మోహన్‌కుమార్ మూడోసారి అడిగినప్పుడు రెండో వాక్యం రాసిచ్చాను. కింద తాడు ఇచ్చినవారు ముత్తప్ప, కుందారపల్లి అని రాశాను. ఫొటో పెట్టాలంటే మామిడి తోపులో తీసింది పెట్టాను. వాడకముందు తాడు ఎట్లుందో చూపించే ఫొటో నా దగ్గర వేరేది లేదు.

ఆయనకు చెప్పడానికి నాకు ఆగస్టు దాకా కాళ్ళు రాలేదు. పోయేటప్పుడు రిపోర్టు ప్రతి ఒకటి, ఎండిన గడ్డి కాడ ఒకటి సంచిలో వేసుకొని పోయాను. అన్నీ చెప్పేయాలనే పోయాను. సంచి తెరవగానే పైన రిపోర్టు, అందులో ఆయన ఫొటో. పెద్దమ్మ చూసి కేక పెట్టింది. ఎదురింటి నుంచి శేషప్ప చిన్నాయన కూడా వచ్చాడు. ఆఫీసు కాగితంలో తన బొమ్మ వచ్చిందని పెద్దనాయన చేతులు పంచెకు తుడుచుకొని రెండు చేతులతో అందుకున్నాడు. కింద ఏమని రాశారని అడిగాడు.

తాడు పేనింది ముత్తప్ప అని రాశారని చెప్పాను. అది అబద్ధం కాదు, మిగతాది చెప్పలేదు. సముద్రం దాకా పోయింది మా అన్న తాడు అని శేషప్ప మొట్టమొదటిసారి ఎగతాళి లేకుండా అన్నాడు. ఆ మాట విన్నాక మిగతాది చెప్పడం ఇంకా కష్టమైంది. పెద్దమ్మ అన్నం మెతుకులు మెదిపి ఆ కాగితాన్ని గోడకు, దేవుడి పటం పక్కన అంటించింది. ముత్తప్ప మురిపెంగా చూస్తున్నాడు. ఆ ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కతినే.

శేషప్ప పోయాక గడ్డి సంగతి మాత్రం చెప్పాను. ఎండిన కాడను ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన దాన్ని రెండు వేళ్ళ మధ్య దొర్లించి చూసి, ఇది ప్రాణముండేదా అని అడిగాడు. అవునన్నాను. సముద్రం అడుగున బీడు, అందులో చేపపిల్లలు, మేతకు వచ్చే సముద్రపు ఆవు, చెక్కుకుపోయిన వలలు, తాడు పురిలో గుచ్చే కాడ, అన్నీ చెప్పాను. సగం దినం పడుతుందనుకున్నాను కదా, కాఫీ చల్లారేలోగా అయిపోయింది. ఆయనకు అర్థం కానిది ఒక్కటీ లేదు. ఆ ఆవు దూడను ఎన్నాళ్ళు వెంట తిప్పుకుంటుందని ఆయనే నన్ను అడిగాడు. నాకు తెలియలేదు.

"పాలు తాగే దూడకు కోడె పగ్గం వేయించినావు కదమ్మా" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు.

లేచి పోయి గుప్పెడు నార తెచ్చాడు. తొడ మీద వేసి, చూస్తుండగానే బారెడు తాడు పేనాడు. మెత్తగా, వదులుగా, వేలు పెడితే దూరేటట్టు ఉంది. తమలపాకు తోటల్లో లేత తీగను కొయ్యకు కట్టడానికి అట్లాంటి తాడు పేనేవాడట. తీగ పట్టు దొరకబుచ్చుకునేదాకా పట్టుకొని, తర్వాత దానంతటదే సడలి, చివికి రాలిపోతుందట. మా సంస్థలో పెద్ద చదువులు చదివినవాళ్ళు ఆరు పేజీలు రాసుకున్నది ఆయన నాలుగు మాటల్లో చెప్పాడు. గడ్డికని ఒక్క మాట అనుంటే ఇదే పేనిచ్చేవాడు. తప్పు నాదేనని, నువ్వు అడిగినా చెప్పలేదని అన్నాను.

"రెండు మార్లు అడిగినా. ఇంగొక మారు అడిగుండాల" అన్నాడు. నా తప్పును అట్లా తన నెత్తిన వేసుకున్నాడు.

ఆ తర్వాత ఎవరూ అడగకుండానే ఆయన పనిలో దిగాడు. గట్ల మీద మిగిలిన కిత్తలి మట్టలు తానే కోసుకొచ్చాడు, కొత్తగా నార తీశాడు. పెద్దమ్మ కొక్కెం తిప్పింది. మళ్ళీ నాటే కాలానికి ముందే రెండు వందల బారలు, మెత్తటి తాడు, సిద్ధం చేసి నాకు ఫోన్ చేయించాడు. సముద్రం చూపిస్తానన్న మాట మాత్రం ఆయన మళ్ళీ ఎత్తలేదు.

ఆ చుట్టలను తీసుకుపోయి మోహన్‌కుమార్ బల్ల మీద పెట్టాను. ఆయన పురిలో వేలు దూర్చి చూశాడు. అచ్చెన్నకు ఫోన్లో చూపించాడు. కొబ్బరి తాడు కంటే ఇదే మేలని అచ్చెన్న అక్కడి నుంచే చెప్పాడు. మోహన్‌కుమార్ చెడ్డవాడు కాదు. నా ఎదురుగానే ఫైలు తెరిచాడు. ఈయన పేరు మీద నాణ్యత లోపం అని ఉంది కదా, అది ఫ్యాక్టరీవాళ్ళకు కూడా పోయింది కదా అన్నాడు. ఆ మాట మారితే తప్ప ఈ తాడు తీసుకోవడానికి లేదు. మారాలంటే, తప్పు తాడు పేనినవాడిది కాదు, నాది అని నేను రాసి సంతకం పెట్టాలి. రాసిస్తావా త్రివేణీ అని అడిగాడు. ఒక వారం గడువు అడిగాను.

ఆ వారంలో కుందారపల్లి పోయాను. ఈసారి శేషప్ప ఎదురింట్లో లేడు, జీపు లేదు, బస్సులో పోయాను, తొందర లేదు. నోరు కట్టుకోడానికి ఏ సాకూ లేదు. గోడ మీది కాగితం ముందు నిలబడి, ఏ అక్షరం దగ్గర ఏముందో వేలు పెట్టి చూపిస్తూ, ఒక్కొక్క మాటా తెలుగులో చదివాను. తాడు నాణ్యత లోపం. తాడు ఇచ్చినవారు ముత్తప్ప. రాసింది నేనేనని కూడా చెప్పాను. పెద్దమ్మ చేతిలోని చేట పక్కన పెట్టింది. నాలుగు నెలలుగా ఆ కాగితానికి రోజూ పసుపు బొట్టు పెడుతోంది ఆమె. ఒక్క ఉదుటున లేచి దాన్ని చింపబోయింది. పెద్దనాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆయన నన్ను తిడతాడని ఎదురుచూశాను. తిట్టుంటే బాగుండేది. చాలాసేపు కాగితంలోని తన బొమ్మనే చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"అది మారిస్తే నీ పని ఉంటాదా?"

"తెలీదు పెద్దనాయనా."

"అయితే ఉండనీ. ఈ తాడు అడిగేవాళ్ళు నాకు ఇంగెవురుండారు. నీకు ముందర ఇంగా కాలముండాది."

కాదనాలి. కాదు పెద్దనాయనా, రేపే రాసిస్తానని అనాలి. మాట నోటి దాకా వచ్చింది, నేనే మింగేశాను. ఆయన ఉండనీ అన్నాడు. నేను ఉండనిచ్చాను.

వారం గడువు దాటిపోయింది. మోహన్‌కుమార్ మళ్ళీ అడగలేదు. తీరంలో ఈ ఏడు కొబ్బరి తాడుతోనే నాటారు, గడ్డి బాగా పట్టిందని, పాత చట్రాల్లోది పక్కలకు పాకుతోందని అచ్చెన్న చెప్పాడు. సంతోషపడవలసిన మాట. రెండు వందల బారల మెత్తటి తాడు హోసూరులో నా గదిలో, మంచం కింద ఉంది. కుందారపల్లిలో ఎద్దుల పందేల ముందర ఎవరో పగ్గం కావాలని వచ్చారట. చేతులు వణుకుతున్నాయని చెప్పి పెద్దనాయన వాళ్ళను పంపేశాడు. ఆయన చేతులు వణకడం లేదు. మొన్న పోయినప్పుడు కాఫీ గ్లాసు అందుకుంటుంటే చూశాను.

ఇదంతా తెలుగులో రాశాను. మోహన్‌కుమార్‌కు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఫ్యాక్టరీవాళ్ళు ఇంగ్లీషు కాగితాలు తప్ప చూడరు. అచ్చెన్న చదవగలడు గాని అతనికి చెప్పవలసిందేమీ లేదు, అన్నీ ముందే తెలుసు. మా పెద్దనాయనకు ఏ భాషా చదవడం రాదు. పోయిన వారం నా ఉద్యోగాన్ని ఇంకో ఏడాదికి పొడిగించారు.